మోకా: వేదవతి ఒడ్డు ఊరు

బళ్లారికి ఈశాన్యాన, వేదవతి ఒడ్డున ఉన్న ఊరు మోకా. చిక్కమగళూరు కొండల్లో పుట్టిన ఈ ఏటిని మన వైపు హగరి అంటారు. చివరికి తుంగభద్రలో కలుస్తుంది. నేల నల్లరేగడి. పత్తి, మిరప, జొన్న పండుతాయి. 1953 అక్టోబరు 1న బళ్లారి తాలూకా మైసూరుకు, పక్కనున్న ఆలూరు తాలూకా ఆంధ్రకు పోయాయి. వియ్యాలు మాత్రం ఆగలేదు.

ఇక జనాభా. సెన్సస్‌వారు ఊరివారీగా జనసంఖ్య ఇస్తారు, మాతృభాష వివరం తాలూకా వరకే ప్రకటిస్తారు. కనుక మోకాలో తెలుగువారు ఎందరో అందులో దొరకదు. రిజిస్టర్లు రాసి రిటైరైన నాకు ఇది వెలితే. భాషా అల్పసంఖ్యాకుల రక్షణ నిబంధనల ప్రకారం తాలూకా జనాభాలో 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలి. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం మాట్లాడేవారు లెక్కల మనిషికి ఏది చెబితే అదే కాలమ్‌లోకి ఎక్కుతుంది.