చేతి యంత్రాల కంపనం: ముప్పు అంచనా

జాక్‌హ్యామర్, యాంగిల్ గ్రైండర్, చైన్‌సా వంటి చేతి యంత్రాల అదురు పనివారి చేతుల్లోకి ఎంత చేరుతోందో, దానివల్ల ఎంత హాని జరగవచ్చో లెక్కకట్టడమే కంపన ముప్పు అంచనా. ఏళ్ల తరబడి ఈ అదురుకు గురైనవారిలో వేళ్ల రక్తనాళాలు, నరాలు, కీళ్లు, కండరాలు దెబ్బతింటాయి. ఈ రుగ్మతను హ్యాండ్-ఆర్మ్ వైబ్రేషన్ సిండ్రోమ్ అంటారు. చలి తగలగానే వేళ్లు పాలిపోవడం దీని ప్రసిద్ధ లక్షణం. తిమ్మిరి, స్పర్శ మందగించడం, పట్టు సడలడం అంత తేలిగ్గా కంటపడవు. ముదిరిపోయాక నరాల దెబ్బ సాధారణంగా నయం కాదు.

గాలి ఒత్తిడితో నడిచే పనిముట్లు వాడే గని కార్మికుల్లో ఈ మార్పులను ఇటలీ వైద్యుడు జొవాన్ని లొరీగా 1911లో నమోదు చేశాడు. 1918లో వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బెడ్‌ఫర్డ్ సున్నపురాతి క్వారీల్లో రాళ్లు చెక్కేవారిని పరీక్షించింది. ఉలి పట్టుకునే ఎడమచేతి వేళ్లే ఎక్కువగా పాలిపోతున్నట్టు గమనించింది. 1978లో పరిశోధకులు మళ్లీ అక్కడికి వెళ్తే, చూసిన ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి అదే బాధ. కారణం తెలిసి 60 ఏళ్లయినా ఆ చేతులకు రక్షణ దొరకలేదు.

ఇప్పటి లెక్కకు ఆధారం 2001 నాటి ఐఎస్ఓ 5349 ప్రమాణం. యంత్రం పిడిపై, చేయి పట్టే చోట త్వరణమాపకాన్ని బిగించి మూడు దిశల్లో కంపనాన్ని కొలుస్తారు. మూడింటినీ కలిపిన విలువను, యంత్రం నడిచిన సమయాన్నిబట్టి 8 గంటల పనిదినానికి సర్దుతారు. 2002 నాటి ఐరోపా ఆదేశం ప్రకారం రోజువారీ విలువ 2.5 మీ./సె² దాటితే యజమాని నివారణ చర్యలు తీసుకోవాలి, 5 మీ./సె² దాటనివ్వకూడదు. బ్రిటన్ 2005లో ఇవే హద్దులను తన నిబంధనల్లో చేర్చుకుంది.

ఒక కార్మికుడు 12 మీ./సె² జాక్‌హ్యామర్‌ను 2 గంటలు నడిపాడనుకుందాం. అతని రోజువారీ విలువ 6. గరిష్ఠ హద్దు అప్పటికే దాటింది. అదే రోజు 5 మీ./సె² గ్రైండర్‌ను మరో 2 గంటలు పడితే దాని వాటా 2.5. రెంటినీ నేరుగా కూడకూడదు. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 6.5 వస్తుంది. యంత్రం అదురు సగమైతే విలువ సగమవుతుంది. సమయం సగం చేస్తే మాత్రం సుమారు 30 శాతమే తగ్గుతుంది. అందుకే పని గంటలు కోయడం కంటే తక్కువ అదిరే యంత్రం కొనడం మేలు.

లెక్క తప్పేది ఎక్కువగా సమయం దగ్గరే. ఎంతసేపు నడిపావని అడిగితే పనివారు షిఫ్టు మొత్తం చెబుతారు. కావలసింది మీట నొక్కి ఉంచిన సమయం. తయారీదారు ప్రకటించే విలువ ప్రయోగశాలది. మొద్దుబారిన ఉలి, అరిగిన బేరింగ్, గట్టి రాయి దాన్ని పెంచేస్తాయి.

ప్రమాణంలోని అనుబంధం, ఒక బృందంలో 10 శాతం మందికి వేళ్లు పాలిపోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఊహించే సూత్రాన్ని ఇస్తుంది. అది రక్తనాళాల సంగతే చెబుతుంది, నరాల సంగతి కాదు. వేడి ప్రాంతాల్లో వేళ్లు పాలిపోవడం అరుదు, తిమ్మిరి ఎక్కువ. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లాంటి చోట్ల తెల్లబడిన వేళ్ల కోసం మాత్రమే వెతికే వైద్యుడు జబ్బు లేదని రాసేసే ప్రమాదం ఉంది. రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తోందా, చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నారా అని ముందు అడగాలి. 1986లో రూపొందిన స్టాక్‌హోమ్ కొలబద్ద రక్తనాళాల దెబ్బను, నరాల దెబ్బను వేర్వేరుగా, ఒక్కో చేతికీ విడిగా గ్రేడు చేయడం ఇందుకే ఉపయోగపడుతుంది.

యాంటీ వైబ్రేషన్ గ్లవ్స్ తొడిగి నిశ్చింతగా ఉండటం సరికాదు. జాక్‌హ్యామర్ లాంటి యంత్రాల తక్కువ పౌనఃపున్య కంపనాన్ని అవి పెద్దగా ఆపలేవు; చేతులను వెచ్చగా ఉంచడం వరకు పనికొస్తాయి. యంత్రం, రాయి, పని పద్ధతి ఏది మారినా అంచనా మళ్లీ వేయాలి. తిమ్మిరి అని ఎవరైనా చెబితే, లెక్క హద్దులోపలే ఉన్నా, వారిని వైద్య పరీక్షకు పంపాలి.