‘కోడలు’ నుంచి ‘బిడ్డ’ వరకు: సానియా మీర్జా వార్తాకథనాలలో జాతీయతా పక్షపాతం

ఉపోద్ఘాతం

అంతర్జాతీయ క్రీడావార్తలలో జాతీయతా పక్షపాతం రెండు విధాలుగా వ్యక్తమవుతుంది. స్వదేశీయుల విజయాన్ని పెద్దదిగా, పరదేశీయుల విజయాన్ని చిన్నదిగా చూపడం మొదటిది. స్వదేశీయులలోనే కొందరిని పదేపదే దేశభక్తిని నిరూపించుకోవలసిన స్థితిలో నిలపడం రెండవది. హైదరాబాదు టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా జీవితం ఈ రెండవదానికి ప్రబల నిదర్శనం.

కీర్తి – శంక

2005లో హైదరాబాదు ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా ఆమె నిలిచారు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు చేరారు. ఆ నెలలోనే ఆమె దుస్తులపై వెలువడిన మతపరమైన అభ్యంతరాలు వార్తలకెక్కాయి. 2008 హోప్‌మన్ కప్ సమయంలో ఆమె పాదాలు జాతీయ పతాకానికి చేరువలో ఉన్నట్లు కనిపించిన ఛాయాచిత్రం ఫిర్యాదులకు దారితీసింది. ఒక ఛాయాచిత్రమే దేశభక్తికి కొలమానమైంది.

బంధుత్వ పదాల రాజకీయం

2010 ఏప్రిల్‌లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను ఆమె హైదరాబాదులో వివాహమాడారు. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌గా నియమించగా, భాజపా నాయకుడు కె. లక్ష్మణ్ ‘పాకిస్తాన్ కోడలు’ అని ఆక్షేపించారు. ఆ మాట దేశవ్యాప్తంగా వార్త అయింది. జీవితాంతం తాను భారతీయురాలినేనని ఆమె ప్రకటించవలసి వచ్చింది.

విదేశీయుని వివాహమాడినంత మాత్రాన భారత పౌరసత్వం పోదు. అయినా ఆడపిల్ల ‘ఈడ’ పిల్ల కాదు, ‘ఆడ’ పిల్ల అన్న లోకోక్తి పౌరసత్వాన్ని మెట్టినింటితో ముడిపెట్టింది. అదే వివాహం మాలిక్‌ను హైదరాబాదు అల్లుణ్ణి చేసింది. ఆయన మాత్రం పాకిస్తాన్ జట్టుకే ఆడుతూ వచ్చారు. విశ్రాంత సైనికోద్యోగుల నివాసాలతో రూపొందిన సైనిక్‌పురి వంటి ప్రాంతాలున్న ఈ జంటనగరాలలో సరిహద్దు అనేది పటంలోని గీత మాత్రమే కాదు, కుటుంబ జ్ఞాపకం కూడా. కనుక అటువంటి మాటను వివరణ లేకుండా శీర్షికకెక్కించే పత్రిక బాధ్యత మరింత పెద్దది.

ఉపసంహారం

2014 సెప్టెంబరులో బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో కలిసి ఆమె యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచారు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ అగ్రస్థానం పొందిన తొలి భారతీయ మహిళ అయ్యారు. గెలిచిననాడు ‘దేశం బిడ్డ’, వివాదం రేగిననాడు ‘పరదేశపు కోడలు’: రెండూ బంధుత్వ పదాలే. రెండింటిలోనూ క్రీడాకారిణి స్వతంత్ర పౌరురాలిగా కనిపించదు. కాబట్టి జాతీయతా పక్షపాతాన్ని నిందలోనే కాక ప్రశంసలోనూ వెదకడం క్రీడాచరిత్ర పరిశోధకుల కర్తవ్యం.