పట్టాలు ఒకరివి, బస్సులు ఒకరివి: మలక్‌పేట నుంచి చూసిన హైదరాబాద్ ప్రయాణం

1932 జూన్‌లో హైదరాబాద్ రాజ్యంలో సర్కారు బస్సులు మొదటిసారి రోడ్డెక్కాయి. వాటిని నడిపింది రైల్వే వాళ్ళు. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది. నిజాం స్టేట్ రైల్వేలోనే ఒక విభాగంగా రోడ్డు రవాణా శాఖ పుట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, అంతే సరంజామా. బండ్లు స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్‌వి. మన ఆర్టీసీ బస్సుల నంబరు పలకలో కనిపించే ‘జెడ్’ అక్షరం గురించి ఊళ్ళో ఒక కథ ఉంది. ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు గుర్తుగా ఆ అక్షరాన్ని పెట్టించాడట. కథే అయితే అయింది, పాత కండక్టర్లు మాత్రం దాన్ని గర్వంగానే చెప్పేవారు.

నాకు ముఖ్యమనిపించేది జెడ్ కథ కాదు. రైలూ బస్సూ ఒకే యజమాని చేతిలో ఉండడం. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే, 1951లో, ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్టు ఆస్తి పంపకం జరిగిపోయింది. రైళ్ళు కేంద్రానికి వెళ్ళాయి, బస్సులు రాష్ట్రానికి మిగిలాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. ఆ తర్వాత ఈ ఊరికి ఎన్ని కొత్త బండ్లు వచ్చినా, ప్రతిదీ తన గోడ తాను కట్టుకునే వచ్చింది. పక్కవాడి గేటు ఎక్కడుందో చూసుకుని తన గేటు పెట్టుకున్నది తక్కువ. మలక్‌పేటలో బతికినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ కాళ్ళకే తెలుస్తుంది.

చాదర్‌ఘాట్ వంతెన దాటి వస్తే మా పేట. ఒకపక్క మహబూబ్ మాన్షన్ గంజ్, ఉల్లిగడ్డల లారీలు; ఇంకోపక్క రేసుకోర్సు; నడుమ రైలు కట్ట, దాని కిందుగా దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే రోడ్డు. మా చిన్నప్పుడు ఆ కట్ట మీద మీటర్ గేజ్ బండ్లు నడిచేవి. కాచిగూడలో బయల్దేరి మహబూబ్‌నగర్ వైపు పోయే లైను అది. పాలమూరు పక్కల నుంచి కూలికి వచ్చేవాళ్ళు, పాల క్యాన్లవాళ్ళు దిగేవారు తప్ప, నగరంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి ఆ రైలు ఎక్కాలని మాకెవరికీ తోచేది కాదు. రైలంటే ఊరికి పోవడానికి. ఊళ్ళో తిరగడానికి బస్సు. 1990లలో లైను బ్రాడ్ గేజ్ అయ్యాక కూడా చాలాకాలం అంతే.

కట్ట కింది రోడ్డు కథ వేరు. వాన గట్టిగా పడితే బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయి, బండ్లన్నీ నల్గొండ చౌరస్తా దాకా బారులు తీరతాయి. ఇది నా బడి రోజుల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. పైన మెట్రో వచ్చినా కింద నీళ్ళు నీళ్ళే.

బస్సుల్లో మా పేట జీవితం చాలా గడిచింది. కోఠీ, నాంపల్లి వైపు పోవాలంటే 156, సికింద్రాబాద్ పోవాలంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే 107. ముందు ద్వారం ఆడవాళ్ళది, వెనక ద్వారం మగవాళ్ళది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ కండక్టరు ముందుకు రాలేక మధ్యలో ఇరుక్కునేవాడు. డబ్బులు చేతుల మీదుగా వెళ్ళేవి, టికెట్టు చేతుల మీదుగా తిరిగొచ్చేది. చిల్లర లేకపోతే ఇవ్వాల్సిన పైసలెంతో టికెట్టు వెనకాల పెన్సిల్‌తో గీసిచ్చేవాడు. దిగేముందు ఆ టికెట్టు చూపించి అడిగి తీసుకోవాలి. అర్ధరూపాయి కోసం ఫుట్‌బోర్డు మీద నిలబడి గొంతు చించుకునేవాళ్ళం. ఇద్దరు ముగ్గురికి కలిపి ఒకే నోటిచ్చి "మీరూ మీరూ చూసుకోండి" అనడం కూడా ఉండేది. అట్లా కలిసిన అపరిచితులిద్దరు అఫ్జల్‌గంజ్‌లో దిగి చాయ్ తాగి చిల్లర చేసుకునేవారు. ఇప్పుడు మిషను గీసిన టికెట్టుకు ఆ సుఖమూ లేదు, ఆ గొడవా లేదు.

పాతబస్తీ గల్లీల్లోకి పెద్ద బస్సు పోలేని చోట సెట్విన్ చిన్నబస్సులు తిరిగేవి. నిరుద్యోగ యువకులకు ఉపాధి చూపించడానికి 1978లో పెట్టిన సంస్థ అది. క్లీనరు కుర్రాడు తలుపు పట్టుకు వేలాడుతూ "చార్మినార్, చార్మినార్" అని పాటలా అరుస్తుంటే, నిలబడ్డవాళ్ళు మెడ వంచుకుని ప్రయాణం చేసేవారు. పైకప్పు అంత కిందికి ఉండేది.

డబుల్ డెక్కర్ సంగతి చెప్పకపోతే నా వయసువాళ్ళు ఊరుకోరు. సికింద్రాబాద్ నుంచి జూ పార్కు పోయే 7జెడ్‌లో పై అంతస్తు ముందు సీటు కోసం పిల్లలం కొట్టుకున్నంత పని చేసేవాళ్ళం. ట్యాంక్‌బండ్ మీద చెట్ల కొమ్మలు అద్దానికి తగిలేవి. 2000 దశకం మొదట్లో అవి ఒక్కటొక్కటే మాయమయ్యాయి. ఫ్లైఓవర్లు అడ్డొచ్చాయన్నారు, మరమ్మతుల ఖర్చన్నారు. 2023 ఫిబ్రవరిలో, కార్ల రేసు జరిగిన వారంలోనే, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మూడు కరెంటు డబుల్ డెక్కర్లు తెచ్చింది. చూడ్డానికి బాగున్నాయి. అయితే హుస్సేన్‌సాగర్ చుట్టూ తిప్పి చూపించే బస్సు వేరు, పొద్దున డ్యూటీకి దింపే బస్సు వేరు. మా తరానికి కావలసింది రెండోది.

ఇక గౌలిగూడ. పాత బస్టాండు పైకప్పు పెద్ద ఇనుప రేకుల గోపురం. మిసిసిపి హ్యాంగర్ అనేవారు. విమానాలు నిలపడానికి నిజాం కాలంలో అమెరికా నుంచి తెప్పించిన కట్టడమట. రాష్ట్రం నలుమూలలకూ వెళ్ళే బస్సులు దశాబ్దాల పాటు దాని కిందే నిలిచాయి. 2018 జులై 5న అది కూలిపోయింది. ముందురోజుల్లోనే జాడ కనిపెట్టి బస్సులనూ జనాన్నీ బయటికి పంపినందువల్ల ప్రాణనష్టం తప్పింది. అప్పటికి జిల్లాల బస్సులు ఇమ్లీబన్‌కు మారి చాలాకాలమైంది. 1990లలో మూసీ నడిబొడ్డున కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) అది. 1908 వరదలో ఊరు సగం కొట్టుకుపోయిన నదిలో బస్టాండు కట్టడం ఎవరి బుద్ధికి తోచిందో గాని, 2025 సెప్టెంబరు 26 రాత్రి నది తన జాగా తాను అడిగింది. హిమాయత్‌సాగర్ గేట్లెత్తాక ప్లాట్‌ఫారాల దాకా నీళ్ళొచ్చాయి, దసరాకు ఊళ్ళకు బయల్దేరినవాళ్ళు లోపల చిక్కుకుపోయారు. బస్సులను వేరేచోట్ల నుంచి నడపాల్సి వచ్చింది.

2003 ఆగస్టు 9న నగరం లోకల్ రైలు ఎంఎంటీఎస్ మొదలైంది. మా మలక్‌పేట స్టేషనుకు అది రెండో పుట్టుక. ఫలక్‌నుమా నుంచి వచ్చే బండి మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి మీదుగా సికింద్రాబాద్ పోయి, అక్కడి నుంచి లింగంపల్లి దాకా వెళ్తుంది. పాతబస్తీ నుంచి హైటెక్ సిటీకి, బస్సు టికెట్టు కన్నా చవగ్గా, దుమ్మూ సిగ్నళ్ళూ లేకుండా. యాకుత్‌పురా నుంచి బుర్ఖా వేసుకున్న కాలేజీ పిల్లలు, ఉప్పుగూడ నుంచి టిఫిన్ డబ్బాలు పట్టుకున్న తాపీమేస్త్రీలు, ల్యాప్‌టాప్ సంచీలవాళ్ళు ఒకే పెట్టెలో కూర్చోవడం ఈ ఊరికి ఆ రైలు చేసిన మేలు. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు సగం సగం పెట్టుకున్నాయి. 1951 తర్వాత ఆ రెండూ కలిసి చేసిన పెద్ద పని ఇదేననిపిస్తుంది నాకు.

కలయిక డబ్బు దగ్గరే ఆగిపోయింది. దూరం రైళ్ళకు దారి ఇవ్వడానికి లోకల్ బండి సిగ్నల్ దగ్గర ఆగాలి. పట్టాలు రైల్వేవి కాబట్టి మొదటి హక్కు ఎక్స్‌ప్రెస్‌లది. రెండు బండ్ల మధ్య ఎంతసేపు ఆగాలో నమ్మకంగా చెప్పలేనప్పుడు ఉద్యోగానికి పోయేవాడు దాన్నెందుకు నమ్ముతాడు? కరోనాకు ముందు రోజుకు నూరుకు పైగా సర్వీసులు నడిచాయి. 2020 మార్చిలో ఆగిన బండి మళ్ళీ కదిలింది 2021 జూన్ 23న. మెట్రో 2020 సెప్టెంబరు 7 నుంచే తిరిగింది. ఆ మధ్యకాలంలో షేరింగ్ ఆటోలకూ బైకులకూ అలవాటుపడినవాళ్ళు చాలామంది స్టేషను ముఖం చూడలేదు. 2023 ఏప్రిల్ 8న మేడ్చల్‌కూ ఉందానగర్‌కూ కొత్త సర్వీసులు మొదలుపెట్టారు. పట్టాలు పొడవయ్యాయి, ఎదురుచూపు తగ్గలేదు.

మెట్రో కాంట్రాక్టు గొడవలు పత్రికలు చదివినవాళ్ళందరికీ గుర్తే. 2008లో సత్యం కంపెనీ యజమానుల కుటుంబానికి చెందిన మేటాస్ బృందం ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకపోగా తామే వేలకోట్లు ఎదురిస్తామంది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ అప్పుడే దాన్ని అనుమానించారు. సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ ఒప్పందం రద్దయింది, 2010లో ఎల్ అండ్ టీకి దక్కింది. సుల్తాన్‌బజార్ వ్యాపారులు తమ దుకాణాల మీదుగా వద్దని ఏళ్ళ తరబడి కొట్లాడారు. చివరికి లైను అటే వచ్చింది. 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా 30 కిలోమీటర్లు ప్రారంభమయ్యాయి. మా మలక్‌పేటకు 2018 సెప్టెంబరు 24న, అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ లైను తెరిచినప్పుడు వచ్చింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి ఎంజీబీఎస్ దాకా తెరవడంతో మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. ఢిల్లీ తర్వాత మనదే పెద్దదని అప్పుడు చెప్పుకున్నాం. ఆ తర్వాత ఒక్క కిలోమీటరూ పెరగలేదు, బెంగళూరు, ముంబై దాటిపోయాయి. 2025 మేలో చార్జీలు పెంచారు. 10 నుంచి 60 రూపాయల దాకా ఉన్నది 11 నుంచి 69 అయింది. సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది.

మెట్రో బాగుంది, అందులో మాటే లేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు, మలక్‌పేట ఆసుపత్రులకు వచ్చే ముసలివాళ్ళు అమీర్‌పేట దాకా చల్లగా కూర్చుని పోతున్నారు. కానీ చూడండి: మా దగ్గర మెట్రో స్టేషను, రైల్వే స్టేషను, బస్టాపు మూడూ కేకేస్తే వినబడేంత దూరంలో ఉన్నాయి. మెట్రో దిగి ఎంఎంటీఎస్ ఎక్కాలంటే మెట్లు దిగి, ఆటోలు తప్పించుకుని, మళ్ళీ వేరే టికెట్టు కొనాలి. మెట్రో దిగేవేళకు రైలు వస్తుందో రాదో చెప్పే బోర్డు లేదు. హైటెక్ సిటీలో ఇంకా ఘోరం. మెట్రోకూ ఎంఎంటీఎస్‌కూ ఒకే పేరు, మధ్యలో ఆటో కట్టించుకోవాల్సినంత దూరం. కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు ఎంతమంది మోసపోయారో. బస్సుకూ మెట్రోకూ ఒకే కార్డు అని మంత్రులు ప్రకటించడం పలుమార్లు విన్నాం.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆడవాళ్ళకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. ఇళ్ళల్లో పని చేసుకునే ఆడవాళ్ళు మూసారంబాగ్ నుంచి పనిళ్ళకు నడిచిపోవడం మానేశారు. నెలకు ఏడెనిమిది వందలు మిగులుతున్నాయని మా ఇంట్లో పనిచేసే ఆవిడే చెప్పింది. బస్సుల్లో వెనక సీట్లూ నిండిపోయి మగవాళ్ళు సణుగుతున్నారు. సణగనివ్వండి. ఇన్నేళ్ళు ఆడవాళ్ళు ముందు ద్వారం దగ్గర ఒకరి మీద ఒకరు పడి వెళ్ళినప్పుడు వీళ్ళెవరూ సణగలేదు. చేయాల్సింది బస్సులు పెంచడం.

ఇప్పుడు అందరి చూపూ పాతబస్తీ మెట్రో మీద ఉంది. మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా పోవాల్సిన లైను ఎంజీబీఎస్ దగ్గర తెగిపోయింది. ఇప్పుడు దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు వేస్తామంటున్నారు. 2024 మార్చి 8న శంకుస్థాపన అయింది. 2025 జనవరి నుంచి ఆస్తులు పోయేవాళ్ళకు గజానికి 81 వేల రూపాయల లెక్కన చెక్కులిచ్చి కూల్చివేతలు మొదలుపెట్టారు. మసీదులూ దర్గాలూ గుళ్ళూ తప్పించి దారి తీస్తామని చెప్పారు. మంచిదే, రావాలి. పాతబస్తీకి జరిగిన అన్యాయం అట్లాగైనా కొంత తీరాలి.

అయితే మెట్రో వచ్చేదాకా పాతబస్తీకి రైలే లేదన్నట్టు మాట్లాడుతున్నారు. అది తప్పు. దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా స్టేషన్లు మా మలక్‌పేట లైను మీదే ఉన్నాయి. పట్టాలున్నాయి, ప్లాట్‌ఫారాలున్నాయి, కరెంటు తీగలున్నాయి. లేనివి బండ్లు. రైల్వే అధికారులకూ, రాష్ట్ర రవాణా శాఖకూ నా విన్నపం ఒకటే: పొద్దున ఏడు నుంచి పది దాకా, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఈ లైన్లో పావుగంటకొక ఎంఎంటీఎస్ నడపండి. ఆ బండి వేళలను మెట్రో స్టేషన్లోనూ బస్టాపుల్లోనూ తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టండి. ఇందుకు ఎవరి ఇల్లూ కూల్చక్కర్లేదు.