రంగులరాట్నం తిప్పేదెవరు?

మన కవిత్వంలోనూ కథలోనూ సినిమా పాటలోనూ రంగులరాట్నం బాగా అరిగిపోయిన ఉపమానం. పైకెక్కినవాడు దిగక తప్పదు, దిగినవాడు మళ్ళీ ఎక్కక తప్పదు, ఇదే లోకరీతి అని చెప్పదలచినప్పుడు రచయిత చేతికి మొదట అందే వస్తువు ఇదే. బి.ఎన్.రెడ్డి 1966లో తీసిన చిత్రానికి ఎంచుకున్న పేరు కూడా ఇదే. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్న పాత మాటకు ఇది యంత్రరూపం. ఈ ఉపమానాన్ని వాడే వారిలో అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్ళూ తక్కువేమీ లేరు. అయితే ఇన్ని రచనల్లో ఒక మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. ఆ మనిషి రాట్నం తిప్పేవాడు.

ఈ లోపాన్ని కేవలం అలవాటు అని తోసిపుచ్చలేం. ఇది ఎట్లా వచ్చిందో తెలియాలంటే చక్రం చరిత్ర చూడాలి. జాతరలో తిరిగే వినోద యంత్రానికి చరిత్రేమిటని నవ్వేవారికి సురవరం ప్రతాపరెడ్డిగారిని గుర్తుచేస్తాను. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల వంశావళులను పక్కకు నెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగిన గ్రంథం. పాలమూరు బిడ్డ వేసిన ఆ ప్రశ్ననే నేను ఈ యంత్రానికి వేస్తున్నాను.

నల్లగొండ దగ్గర చెరువుగట్టు మీద మాఘమాసంలో జడల రామలింగేశ్వరస్వామి జాతర జరుగుతుంది. నా చిన్నతనంలో, అంటే 1980ల చివర, అక్కడ కర్రతో చేసిన రాట్నం ఉండేది. రెండు గుంజలు, వాటి మీద అడ్డంగా ఒక ఇరుసు, ఇరుసుకు రెండు జతల అడ్డకర్రలు, వాటి కొసలకు వేలాడే నాలుగు తొట్లు. మోటారు లేదు. ఒక మనిషి కింద నిలబడి, దిగివచ్చిన ప్రతి తొట్టినీ చేత్తో పట్టి కిందికి గుంజి వదిలేవాడు. తొట్టి తన బరువుతో వేలాడుతుంది కాబట్టి పక్కకు ఒరగదు. కష్టమంతా తూకంలో ఉంటుంది. ఎదురెదురు తొట్లలో బరువు సరిపోతే చక్రం తేలికగా తిరుగుతుంది, ఒకవైపు ఖాళీ అయితే తిప్పేవాడి రెక్కలు విరుగుతాయి. అందుకే అతను మమ్మల్ని ఎక్కించేముందు గొర్రెల బేరగాడిలా ఎగాదిగా చూసి, లావుపాటివాడిని ఇటు, బక్కవాళ్ళిద్దరిని అటు కూర్చోబెట్టేవాడు. పెద్ద రాట్నాలకైతే పడుచువాళ్ళు ఆకుల మీదుగా పైకి పాకి, తమ ఒంటి బరువునే తోడు చేసి తిప్పేవాళ్ళు.

దిగిన తర్వాత నేను మా నాయనను అడిగాను: "ఆయనెప్పుడెక్కుతడే?"

"ఆయనెక్కితే తిప్పెటోడెవడురా?" అన్నాడు మా నాయన, నా చేయిపట్టి బొరుగుల అంగడి వైపు లాగుతూ.

'రాట్నం' అన్న మాటలోనే ఈ శ్రమ ఉంది. నూలు వడికేది రాట్నం. బావి మీద చేద తోడే గిలకను కూడా రాట్నమనే చోట్లున్నాయి. సంస్కృతంలో అరఘట్టమని, ఘటీయంత్రమని పిలిచింది అంచు చుట్టూ కుండలు కట్టి నీళ్ళు తోడే చక్రాన్ని. ప్రాకృతంలో అది రహట్టమైంది, హిందీలో రహట్ అయింది. మన రాట్నం కూడా ఆ కుటుంబానిదే. నిండిన కుండ పైకొచ్చి ఒలికి, ఖాళీ కుండ కిందికి పోవడం చూసి పూర్వకవులు సంపదల నిలకడలేనితనాన్ని వర్ణించారు. ఆ నీళ్ళు ఎవరి మడికి పారుతున్నాయి, ఎద్దును ఎవడు తోలుతున్నాడు అన్న సంగతి శ్లోకంలోకి రాలేదు. ఉపమానం నీటిచక్రం నుంచి వినోదచక్రానికి మారేటప్పుడు ఆ మౌనం కూడా వెంట వచ్చింది.

కుండల బదులు మనుషులను కూర్చోబెట్టి తిప్పే చక్రాలు ఐరోపావాళ్ళు కనిపెట్టినవేమీ కావు. పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు 1620లో, అప్పటికి తుర్కుల ఏలుబడిలో ఉన్న ఫిలిప్పొపొలిస్ నగరంలో, అంటే నేటి బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో, పండుగనాడు తిరిగే ఇటువంటి చక్రాలను చూసి రాసిపెట్టాడు. అవి జాతర చక్రాలు, మన చెరువుగట్టు రాట్నానికి వరసకు అన్నదమ్ములు. నగరాన్ని పైనుంచి చూపించి డబ్బు వసూలు చేసే మహాచక్రం వేరే జాతి. అది పుట్టింది 1893లో, చికాగోలో.

ఆ సంవత్సరం చికాగో అంటే మన పాఠ్యపుస్తకాలకు వివేకానందుడి ప్రసంగమే. అదే సంవత్సరం ఫిబ్రవరి 13న ఆయన సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో మాట్లాడి వెళ్ళారు. కాలేజీకి పేరిచ్చిన ఆరో నిజామే, అంతకు రెండేళ్ళ కిందట, 1890లో మన పాలమూరుకు కూడా తన పేరు పెట్టించుకున్నాడు. చికాగోలో జరిగిన ఆ సర్వమత సభ ఒక మహా ప్రదర్శనలో భాగం. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్ళయిన సందర్భంగా ఏర్పాటైన ఆ ప్రదర్శన మే 1న మొదలైంది. 1889లో పారిస్ ప్రదర్శనలో ఐఫెల్ గోపురం లేచింది కాబట్టి దాన్ని తలదన్నే వింత కావాలని నిర్వాహకులు పట్టుబట్టారు. వంతెనల ఉక్కును పరీక్షించే వృత్తిలో ఉన్న పిట్స్‌బర్గ్ ఇంజనీరు జార్జి ఫెర్రిస్ ఒక చక్రం గీసి ఇచ్చాడు. ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది, ఒకేసారి 2,160 మంది. తిప్పడానికి వెయ్యి అశ్వశక్తుల ఆవిరి యంత్రం, అది ఆగిపోతే ఆదుకోవడానికి అటువంటిదే మరొకటి. రెండు చుట్లకు అర డాలరు. ప్రదర్శనలోకి అడుగుపెట్టడానికి కూడా అర డాలరే.

మే 1 నాటికి అది సిద్ధం కాలేదు. జూన్ 21న తిరగడం మొదలుపెట్టింది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. అదే చికాగోలో 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మె మొదలైంది. మే 4న హేమార్కెట్‌లో బాంబు పేలింది. 1887 నవంబరు 11న పార్సన్స్, స్పైస్, ఫిషర్, ఎంగెల్‌లను ఉరితీశారు. ఆ అమరుల స్మారకాన్ని నగరం వెలుపలి శ్మశానంలో ఆవిష్కరించింది 1893 జూన్ 25న. జైల్లో మిగిలిన ముగ్గురికి గవర్నరు ఆల్ట్‌గెల్డ్ క్షమాభిక్ష ఇచ్చి, జరిగిన విచారణ అన్యాయమని ప్రకటించింది జూన్ 26న. అంటే మహాచక్రం కదిలిన ఆరు రోజుల్లోపల. పైనుంచి నగరాన్ని చూడడానికి క్యూలు కట్టిన వారం, నగరం చివర సమాధి దగ్గర కార్మికులు గుమిగూడిన వారం ఒక్కటే. చక్రం చరిత్ర చెప్పే పుస్తకాలు మొదటి సంగతి చెబుతాయి, మేడే చరిత్ర చెప్పే పుస్తకాలు రెండవది చెబుతాయి. రెండింటినీ ఒకే పుటలో పెట్టడం మన పని.

చక్రం నిలబెట్టిన స్థలం కూడా గమనించాల్సిందే. మిడ్‌వే అనే వినోద వీధికి నడిమధ్య నిలబెట్టారు. ఆ వీధిలో దహోమీ పల్లె, జావా పల్లె, కైరో వీధి అంటూ ఆఫ్రికా, ఆసియా ప్రజలను బతికున్న ప్రదర్శన వస్తువులుగా కూర్చోబెట్టారు. అమెరికాలోని నల్లవారికి ఆ ప్రదర్శనలో చోటెందుకు లేదని ప్రశ్నిస్తూ ఐడా వెల్స్, ఫ్రెడరిక్ డగ్లస్ ఆ సంవత్సరమే కరపత్రం ముద్రించి పంచవలసి వచ్చింది. చక్రమెక్కినవాడు అర డాలరుకు కొన్నది ఎత్తును మాత్రమే అనుకోవడం పొరపాటు. కింద ఉన్న లోకమంతా తన చూపు కోసమే అమర్చి ఉందన్న భావన కూడా ఆ టికెట్టులో కలిసే ఉంది.

ఫెర్రిస్ మాత్రం దానివల్ల బాగుపడలేదు. 1896లో, 37వ ఏట, టైఫాయిడ్‌తో పోయాడు. చక్రాన్ని 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనకు తరలించి, 1906లో డైనమైట్ పెట్టి కూల్చి, తుక్కు చేశారు.

వియన్నాలో 1897లో చక్రవర్తి పాలనోత్సవం పేరిట నిలబెట్టిన చక్రం మాత్రం నేటికీ ఉంది. యుద్ధంలో 1944లో కాలిపోతే, 1947లో ముప్పై పెట్టెల స్థానంలో పదిహేనింటితో మళ్ళీ తిప్పారు. సాహిత్య విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన చక్రం ఇది. గ్రాహం గ్రీన్ రాయగా కారల్ రీడ్ 1949లో తీసిన 'ది థర్డ్ మాన్' చిత్రంలో, కల్తీ పెన్సిలిన్ అమ్మి పిల్లల ప్రాణాలు తీసిన హారీ లైమ్ తన పాత స్నేహితుణ్ణి ఈ చక్రమెక్కిస్తాడు. పైకి చేరాక తలుపు తెరిచి, కింద నడుస్తున్న మనుషులను చుక్కలుగా చూపించి, వాటిని డబ్బుతో లెక్కకట్టి బేరం మాట్లాడతాడు. ఆర్సన్ వెల్స్ నటన గురించి మనవాళ్ళు చాలా మెచ్చుకుంటారు. నాకు ఆ రచయిత స్థలం ఎంచుకున్న తీరు గొప్పగా తోస్తుంది. ఆ మాటలు నేలమీద నిలబడి అనడం లైమ్‌కు కూడా కష్టమే.

ఈ సందర్భంలో ఎత్తుకు మన పల్లెల్లో ఉన్న అర్థం మరువరాదు. నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో ఎత్తు దొరది. గడీ, గడీకి బురుజు, బురుజు మీది నుంచి ఊరంతటి మీదా ఒక చూపు. ఎవడి ఎడ్లు ఎవడి చేలో పడ్డాయో, ఎవడు వెట్టికి రాలేదో పైనుంచే తెలిసేది. గడీ మేడ మీదికి జీతగాడు ఎక్కేది మూటతోనే. ఆ లెక్కన చూస్తే పావలాకో రూపాయికో ఎవరినైనా పైకెత్తిన జాతర రాట్నం చిన్నపాటి ధిక్కారమే. కాబట్టి మహాచక్రాన్ని పెట్టుబడిదారీ మాయ అని ఒక్క మాటతో కొట్టిపారేసే విమర్శతో నేను ఏకీభవించను. రాజులూ సేనానులూ చూసిన చూపును అది టికెట్టు కొన్న ప్రతివాడికీ ఇచ్చింది. టికెట్టు కొనలేనివాడి మాట వేరు.

హైదరాబాదులో ఈ రెండు కథలూ ఒకే సంవత్సరంలో ఎదురుపడ్డాయి. ఉస్మానియా పట్టభద్రుల సంఘం 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ', అంటే స్వదేశీ వస్తు ప్రదర్శన, మొదలుపెట్టింది. స్థానిక పరిశ్రమలకు అండగా నిలవాలన్నది ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. ప్రదర్శన పెరిగి 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఆ 1946 జులై 4నే, నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. రాజధానిలో రాజ్యం తన సరుకును అలంకరించి చూపుతున్న కాలంలో, వంద మైళ్ళు దాటని దూరంలో రైతాంగం ఆ రాజ్యాన్నే దించే పనికి పూనుకుంది. నుమాయిష్‌లో తర్వాతి కాలంలో జెయింట్ వీల్ లేకుండా ఏ జనవరీ గడవలేదు. మన జిల్లాలవాళ్ళకు పట్నం ఎగ్జిబిషన్ చూడడమంటే సగం ఆ చక్రమెక్కడమే.

ఇరవయ్యొకటో శతాబ్దంలో నగరాలు ఈ చక్రాలను ఒకదాన్ని మించి ఒకటి లేపాయి. లండన్ ఐ 2000లో, 135 మీటర్లు. సింగపూర్‌లో 2008లో, 165. దుబాయిలో 2021లో, 250. లండన్ చక్రం పక్కనున్న కౌంటీ హాలు ఒకప్పుడు గ్రేటర్ లండన్ కౌన్సిల్ కార్యాలయం. థాచర్ ప్రభుత్వం ఆ కౌన్సిల్‌ను 1986లో రద్దుచేసిన తర్వాత ఆ భవనంలోకి హోటలూ చేపల ప్రదర్శనశాలా వచ్చాయి. పౌరుడు తన నగరాన్ని పాలించుకునే సభ మూతపడ్డ చోట, నగరాన్ని అరగంటసేపు చూసే యంత్రం వెలిసింది. దుబాయి చక్రం తెరిచిన కొన్ని నెలలకే, 2022 మార్చిలో, ఆగిపోయి 2024 డిసెంబరులో గానీ తిరిగి తెరుచుకోలేదు. గల్ఫు నగరాల ఎత్తులన్నీ వలసకూలీ రెక్కల మీదే లేచాయి. ఆ వలసలో తెలంగాణ పల్లెల వాటా ఎంతో మన ఊళ్ళలోని తాళం వేసిన ఇళ్ళను అడిగితే తెలుస్తుంది.

ఎత్తుల సంగతి వచ్చింది కాబట్టి ఒక పోలిక. నల్లగొండ జిల్లాలో 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. లండన్ చక్రంతో దాదాపు సమానం. ఆ రాయి చాలావరకు తలల మీదుగా పైకి చేరింది. సాగర్, శ్రీశైలం మొదలు దేశంలోని అనేక ప్రాజెక్టుల మీద గుంపు మేస్త్రీల వెంట తిరిగిన పాలమూరు లేబర్ కట్టిన ఎత్తులెన్నో. కట్ట మీద నిలబడి పర్యాటకుడు నీలిజలాలు చూసి పరవశిస్తాడు. అదే జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల మనుషులు ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగి దశాబ్దాలు బతికిన సంగతి అంత ఎత్తు నుంచి కనబడేది కాదు.

మా దగ్గర దీపావళి వెళ్ళగానే చిన్నచింతకుంట దగ్గరి కురుమూర్తి గుట్టకు జాతర మొదలవుతుంది. వడ్డెమాను దళితులు కుట్టిన చెప్పులను, వాటినే ఉద్దాలంటారు, ఊరేగింపుగా తెచ్చి స్వామికి సమర్పిస్తారు. బొంబాయికీ పుణెకూ వలసపోయినవాళ్ళు చాలామంది ఆ రోజులకు ఇల్లు చేరతారు. గుట్ట కింద ఇప్పుడు తిరిగేది ఇనుప చక్రం, దానికి మోటారు, మోటారుకు జనరేటరు. తిప్పేవాడి చేతికి మీట వచ్చింది. కానీ చక్రాన్ని ముక్కలుగా లారీలోంచి దించి, బోల్టులు బిగించి నిలబెట్టేది, నట్టు వదులైతే ఆకుల మీదుగా పైకి పాకేది ఇంకా పడుచు కుర్రవాళ్ళే. పోయినసారి వాళ్ళలో ఒకణ్ణి ఏ ఊరని అడిగాను. ఊరు చెప్పలేదు. ఇక్కడ పదిరోజులు, తర్వాత ఇంకో జాతర అన్నాడు. జాతర ముగిసిన రాత్రి వాళ్ళు చక్రం విప్పి లారీకెత్తుతుంటే, రోడ్డుకు అవతల బొంబాయి బస్సు కోసం మూటలమీద కూర్చున్న కుటుంబాలు చూస్తున్నాయి. అందులో రెండు కుటుంబాల పిల్లలు మా బడివాళ్ళే.