పాళెగాళ్ళ జాగిలం, మన ఊరింటి కాపలా

దక్షిణ తమిళనాట ఎప్పటినుంచో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్ళల్లో కుక్క మాట వస్తే పెద్దవాళ్ళ నోట ముందుగా వచ్చే పేర్లు రెండే: రాజపాళయం, చిప్పిపారై. పట్నాల్లో పెరిగిన పిల్లలేమో ల్యాబ్రడార్ అంటారు, జర్మన్ షెపర్డ్ అంటారు. ఊరింటికి ఏది తేవాలో తేల్చుకునే ముందు, ఈ నాటు జాగిలాలు అసలు ఏ పని కోసం పెరిగాయో తెలుసుకుంటే మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

రాజపాళయం పేరులో ఉన్న 'పాళయం' మన 'పాళెం' మాటే. సైన్యం విడిది చేసిన చోటు అని అర్థం. విజయనగర రాజుల కాలంలో తెలుగు దళాలు దక్షిణానికి వచ్చాయి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై ఏలుబడికి వచ్చాక ఆ సీమను 72 పాళయాలుగా పంచారని చెప్తారు. పాళెగాడంటే కప్పం కట్టాలి, పిలిస్తే సైన్యం పంపాలి, ఊళ్ళకు కావలి కాయాలి. ఆ పాళెగాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే. కావలికీ, అడవిపందుల నుంచి చేలను కాపాడుకోవడానికీ, వేటకీ వాళ్ళకు కుక్కలు కావాల్సి వచ్చింది. ఈ వేటకుక్కలను ఇంగ్లీషువాళ్ళు 'పాలిగార్' కుక్కలని పిలిచింది అందుకే.

మన వలస కథల్లో కూడా కుక్క ఉంది. వేటకెళ్ళిన రాజు కుక్కల మీద ఒక కుందేలు తిరగబడి కరిచిందట, ఆ నేల మహిమ చూసి అక్కడే విజయనగరం కట్టారట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ ఈ కథను రాసిపెట్టాడు. సరిగ్గా ఇదే కథను తిరునెల్వేలి సీమలో కట్టబొమ్మన పాంచాలంకురిచ్చి కోట గురించీ చెప్తారు. తుంగభద్ర ఒడ్డు కథ తామ్రపర్ణి సీమ దాకా నడిచొచ్చిందంటే, దాన్ని మోసుకొచ్చిన వాళ్ళెవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇక జాతుల సంగతి. రాజపాళయం సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు, పొట్టి తెల్లటి బొచ్చు, గులాబీ రంగు ముక్కు. పంది వేటకీ, తోట కాపలాకీ పేరు పడింది. చిప్పిపారై సన్నగా, పొడుగు కాళ్ళతో కుందేటి వెంట పరిగెత్తడానికే పుట్టినట్టు ఉంటుంది. కన్ని ఇంచుమించు దాని చెల్లెలే, నలుపు మీద ఎర్రమచ్చలు. పెళ్ళికూతురికి సారెగా ఇచ్చేవాళ్ళు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. తేని జిల్లా కొంబై కుక్క ఎర్రగా, నల్లమూతితో, గట్టి ఒళ్ళుతో ఉంటుంది.

ఇప్పుడు కుందేలును, పందిని వేటాడితే వన్యప్రాణి చట్టం కింద నేరం. వేట పోయినా, వెంబడించే బుద్ధి మాత్రం కుక్క రక్తంలోనే ఉంది. అందుకే చిప్పిపారైని చిన్నప్పటి నుంచీ కోళ్ళతో, మేకలతో అలవాటు చేయకపోతే గొడవే. దానికి పరిగెత్తడానికి చేను కావాలి, రోజంతా గొలుసుతో కట్టేస్తే పాడవుతుంది. రాజపాళయం ఇంటివాళ్ళని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు. వచ్చేపోయే కూలీలు, చుట్టాలు ఎక్కువున్న ఇంటికి ముందే ఆలోచించుకోవాలి. తోటలో ఒంటరి ఇల్లయితే దాన్ని మించింది లేదు. ఒత్తు బొచ్చు విదేశీ కుక్కలకు మన ఎండ కష్టం, వీటికి ఆ బాధ లేదు.

రాజపాళయం కొనేవాళ్ళకు ముఖ్యంగా ఒక మాట చెప్పాలి. మచ్చలేని తెలుపు మీద మోజుతో, ఒకే రక్తంలో మళ్ళీమళ్ళీ కలిపి పెంచడం వల్ల ఈ జాతిలో పుట్టు చెవుడు ఎక్కువైంది. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ అవసరం. అవి లేకపోతే వినికిడి పోతుంది. కాపలా కుక్కకు చెవుడొస్తే ఇంక కాపలా ఏముంది? పిల్లలను ఒక్కొక్కదాన్నీ విడిగా ఉంచి, వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. తల్లిని, వీలైతే తండ్రిని కూడా చూడాలి. ఒంటి మీద మచ్చ ఉందని మంచి పిల్లను వదిలేయకండి.

2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద వేసిన బిళ్ళల్లో రాజపాళయం ఉంది. కర్ణాటక ముధోళ్ కుక్క కూడా ఉంది, అక్కడున్న మన వాళ్ళు దాన్ని చూసుకోవచ్చు. కొల్లేటి వైపు బాతుల మందలు తోలే జోనంగి, యానాం వాళ్ళకు దగ్గరి జాతి.

బిళ్ళ మీద బొమ్మ పడినంత మాత్రాన జాతి బతకదు. తెల్లటి అందం కోసం కాక పని కోసం పెంచే ఇళ్ళుంటేనే బతుకుతుంది. పాళెగాళ్ళు కుక్కను రంగు చూసి ఎంచుకోలేదు, తమ చేనుకీ, కోటకీ ఏం కావాలో చూసి ఎంచుకున్నారు. ఊరింటికి కుక్కను తెచ్చేటప్పుడు మనకూ అదే కొలత చాలు.