దక్కను నుండి రీయూనియన్ వరకు: ఒక అగ్నిపర్వత శ్రేణి కథ

రాజమహేంద్రవరం ప్రాంతంలో, గోదావరికి తూర్పున కాటేరు వద్ద, పడమట పంగిడి, గౌరీపట్నం వద్ద నల్లరాయి కనిపిస్తుంది. క్వారీలలో దానిని కొట్టి కంకర చేసి లారీల కెత్తుతారు. కొన్ని ఏండ్ల క్రిందట మా కళాశాల విద్యార్థులను అక్కడికి తీసుకొనిపోయి, "ఈ రాయి ఒకప్పుడు నిప్పుటేరువలె పారిన లావా" అని చెప్పినాను. ఒక కుర్రవాడు నాలుగు దిక్కులా కలయజూచి, "రాయి ఉన్నది సరేనండి, అగ్నిపర్వతం ఏది మాస్టారూ?" అన్నాడు.

బస్సుకు వేళ కావడంతో ఆనాడు నేను చెప్పినది రెండు ముక్కలే. పూర్తి సమాధానం దొరకడానికి శాస్త్రజ్ఞులకు నూటయాభై ఏండ్లు పట్టింది. కనుక రెండు ముక్కలలో చెప్పినందుకు నేను సిగ్గుపడనక్కరలేదు గాని, ఆ కథ చెప్పదగినది.

దక్కనులోని నల్లరాతి పొరలకు 'దక్కను ట్రాప్' అన్న పేరు 1833 ప్రాంతంలో సైక్స్ అనే సైనికాధికారి రచనలవలన వ్యాప్తిలోకి వచ్చినది. 'ట్రాప్' అనేది స్వీడిష్ భాషలో మెట్లకు పేరు. పడమటి కనుమలలో ఈ పొరలు ఒకదానిపై ఒకటి మెట్లు పేర్చినట్లు కనబడతవి. 1835లో మద్రాసు వైద్యశాఖకు చెందిన బెంజా అనే వైద్యుడు ఉత్తర సర్కారులలో ప్రయాణం చేస్తూ పంగిడి వద్ద ఒక వింత చూచినాడు. క్రింద నల్లరాయి, పైన నల్లరాయి, నడుమ సున్నపురాయి. ఆ సున్నపురాతిలో చిప్పలు, గుల్లలు! ఒక లావా పొర వచ్చి చల్లారిన తరువాత, రెండవది వచ్చే లోపల, ఇక్కడ ఉప్పునీరు నిలిచి ప్రాణులు బ్రతికి చచ్చేటంత విరామం ఉన్నదన్నమాట. 1930లలో ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు మొదలైనవారు ఈ శిలాజాలనే పరీక్షించి లావా వయస్సు తేల్చబూనినారు. ఆ చర్చ చాలాకాలం నడిచినది. నేడు రాతిలోని రేడియోధార్మిక మూలకాలను బట్టి దక్కను లావా వయస్సు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్లని నిర్ణయమైనది. అందులో అధికభాగం పది లక్షల ఏండ్లకు మించని వ్యవధిలోనే పైకి వచ్చినది.

కుర్రవాని ప్రశ్నకు మొదటి సగం జవాబు ఈ రాతి గుణంలోనే ఉన్నది. బసాల్టులో సిలికా తక్కువ. అందుచేత కరిగినప్పుడు పలుచగా ఉంటుంది. గట్టిపిండివలె కుప్పపడదు, దోసెపిండివలె పరచుకుంటుంది. పైగా దక్కనులో అది ఒక్క బిలంనుండి గాక నేలలోని పొడవాటి పగుళ్ళనుండి వెలువడినది. నేటికి మిగిలినదే 5 లక్షల చదరపు కిలోమీటర్లు. మహాబలేశ్వరం వైపు మందం ఒక కిలోమీటరు దాటుతుంది. తెలంగాణలో ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాలు దాని అంచులు. అక్కడి నల్లరేగడి చాలవరకు ఈ రాయి చివికి ఏర్పడినదే. రాజమహేంద్రవరం రాయి కూడ పడమటినుండి పురాతన నదీలోయల వెంబడి సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చినదని పలువురి అభిప్రాయం. అదే నిజమైతే భూమిమీద మనకు తెలిసిన అతి దీర్ఘమైన లావా ప్రవాహాలలో అది ఒకటి.

రెండవ సగం జవాబు అగ్నిపర్వతాల వరుసలలో ఉన్నది. అగ్నిపర్వతాలు భూమిమీద విత్తనాలు చల్లినట్లు ఎక్కడబడితే అక్కడ ఉండవు, బారులు తీరి ఉంటవి. దక్షిణ అమెరికాలో ఆండీస్, ఆసియా తూర్పున జపాను, దక్షిణాన సుమత్రా, జావా అటువంటి బారులు. మన అండమాను సముద్రంలోని బారెన్ ద్వీపం సుమత్రా వరుసకు చేరినదే. భారతదేశంలో నేటికీ నిప్పు కక్కే అగ్నిపర్వతం అదొక్కటే. ఈ వరుసలన్నిటికీ ప్రక్కనే సముద్రంలో లోతైన అగాధాలుంటవి. అక్కడ సముద్రపు అడుగున ఉన్న శిలాఫలకం ప్రక్క ఫలకం క్రిందికి దిగుతుంది. దానితోపాటు లోనికి పోయిన నీరు, పైనున్న వేడి రాతిలో చేరి అది కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. కరిగిన ద్రవం పైకి వచ్చి అగాధానికి సమాంతరంగా కొండలను నిలబెడుతుంది. మరొక రకం శ్రేణి మహాసముద్రాల నడుమ, ఫలకాలు ఒకదానినుండి ఒకటి విడిపోయేచోట, నీటి అడుగున సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున సాగిపోయినది. ఐస్‌లాండులో తప్ప అది చాలవరకు మన కంటికి కనబడదు.

దక్కను ఈ రెండింటిలోను ఇమడదు. దాని తాళపుచెవి పసిఫిక్ మహాసముద్రంలో, హవాయి దీవులలో దొరికినది.

హవాయి దీవులు వాయవ్యంనుండి ఆగ్నేయానికి ఒకే బారున ఉన్నవి. 1840లో అమెరికా నౌకాయాత్రతో అక్కడికి పోయిన జేమ్స్ డానా, వాయవ్యపు దీవులు వానకు, కెరటాలకు ఎక్కువ అరిగిపోయి ఉండటం, ఆగ్నేయపు చివరి దీవిలో మాత్రమే లావా పొంగుతూ ఉండటం గమనించినాడు. కారణం తెలియలేదు. 1963లో కెనడా శాస్త్రజ్ఞుడు టూజో విల్సన్ ఇట్లా చెప్పినాడు: నిప్పు లోతున ఒకచోటనే ఉన్నది, దాని మీదుగా సముద్రపు అడుగు కదలిపోతున్నది. మన ఇండ్లలో ఆముదపు దీపంమీద పళ్ళెం పట్టి కాటుక పట్టేవారు. పళ్ళాన్ని కదలకుండా పడితే కాటుక ఒకచోటనే చేరుతుంది. మెల్లగా ప్రక్కకు లాగితే చారపడుతుంది. హవాయి శ్రేణి ఆ చార. ఈ వ్యాసాన్ని ఒక పేరుమోసిన పత్రిక త్రిప్పి పంపగా విల్సన్ కెనడాలోని ఒక భౌతికశాస్త్ర పత్రికలో ప్రకటించుకొన్నాడు. మరుసటి సంవత్సరమే రాళ్ళ వయస్సులు లెక్కగట్టగా, అవి వాయవ్యానికి పోయినకొద్దీ పెరుగుతూ కౌవాయి దీవివద్ద సుమారు 50 లక్షల ఏండ్లకు చేరినవి.

నేల నిజంగా కదిలినదా అన్న సందేహం మన దక్కను రాయి విషయంలో అంతకు ముందే తీరినది. లావా చల్లారునపుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూ అయస్కాంతక్షేత్రపు దిశను, వాలును పట్టి ఉంచుకొంటవి. ఆ వాలు భూమధ్యరేఖవద్ద సున్న, ధ్రువంవైపు పోయినకొద్దీ ఎక్కువ. 1950ల నడుమ లండను ఇంపీరియల్ కాలేజీ శాస్త్రజ్ఞులు క్లెగ్, డాయిట్ష్, గ్రిఫిత్స్ దక్కను రాళ్ళను ఈ విధంగా కొలిచి, ఆ లావా చల్లారిననాడు భారతదేశం భూమధ్యరేఖకు చాలా దక్షిణాన ఉన్నదని చూపినారు.

అప్పటి దక్కను క్రింద ఉన్న నిప్పు ఇప్పుడెక్కడ? 1971లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞుడు జేసన్ మార్గన్ హిందూమహాసముద్రంలోని రీయూనియన్ దీవిని చూపినాడు. భూగర్భపు లోతులనుండి వేడిరాయి స్తంభంవలె పైకి లేస్తుందని ఆయన ఊహ. లోతున ఆ రాయి ఎంత వేడిగా ఉన్నా, పైబరువు అదిమిపెట్టడంవలన గట్టిగానే ఉంటుంది; పైకి వచ్చినకొద్దీ బరువు తగ్గి కరుగుతుంది. మూత బిగించిన ప్రెషర్ కుక్కరులో నీరు నూరు డిగ్రీలు దాటినా మరగక, ఆవిరి వదలిన వెంటనే తెర్లడంవంటిదే ఇది.

దక్కనుకు, రీయూనియనుకు నడుమ మాల్దీవులు, చాగోస్ దీవులు వరుసగా ఉన్నవి. పైన చూస్తే అన్నీ పగడపు దీవులే, నల్లరాయి జాడ లేదు. పగడపు వలయాల క్రింద మునిగిపోయిన కొండలుంటవని డార్విన్ 1842లోనే వ్రాసినాడు. అందుకు మాల్దీవుల, చాగోస్ దీవుల సర్వే పటాలను ఆధారం చేసుకొన్నాడు. దానిని తవ్వి చూడటం 1987లో గాని సాధ్యపడలేదు. ఆ సంవత్సరం జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధననౌక మారిషస్ నుండి కొలంబోకు వస్తూ దారిపొడుగునా సముద్రపు అడుగును తొలిచినది. మాల్దీవుల ప్రక్కన తగిలిన బసాల్టు వయస్సు సుమారు 5 కోట్ల 70 లక్షల ఏండ్లు, చాగోస్ వద్ద 4 కోట్ల 90 లక్షలు. దక్షిణానికి పోయినకొద్దీ రాయి లేతదవుతున్నది. మారిషస్ వయస్సు 80, 90 లక్షల ఏండ్లు. రీయూనియన్‌లో పైకి కనబడే అతి పాత రాయి సుమారు 20 లక్షల ఏండ్లది.

పటం తీసి చూచినవారికి ఒక చిక్కు తోస్తుంది. చాగోస్‌కు, మారిషస్‌కు నడుమ వరుస తెగి ప్రక్కకు జరిగినట్లుంటుంది. సుమారు 4 కోట్ల ఏండ్ల క్రిందట మధ్యసముద్రపు శ్రేణి ఆ నిప్పుమీదుగా దాటినది. అప్పటినుండి దానిపై ఉన్నది భారత ఫలకం కాదు, ఆఫ్రికా ఫలకం. మన దీపం అదే, పళ్ళెం మారినది.

ఇదంతా అందరూ ఒప్పుకొన్నది కాదు. దక్కను రాళ్ళ అయస్కాంతపు వాలు చెప్పే అక్షాంశం నేటి రీయూనియన్ అక్షాంశంతో సరిగా కలియదు. ఆ నిప్పుకూడ కొంత కదలి ఉండవచ్చునని కొందరంటారు. అటువంటి స్తంభమే లేదు, ఖండం చీలినందువలననే లావా వచ్చినదని వాదించే భూవిజ్ఞానులు మన దేశంలోనే ఉన్నారు. నాకు మొదటి పక్షమే బలంగా కనబడుతున్నది. వయస్సులు అంత వరుసగా రావడానికి వేరొక సులభమైన కారణం నాకు తోచలేదు.

రీయూనియన్‌లోని పితోఁ ద లా ఫూర్నేజ్ నేటికీ తరచుగా లావా చిమ్ముతూనే ఉన్నది. 2007 ఏప్రిల్‌లో దాని శిఖరపు బిలం మూడువందల మీటర్లకు పైగా లోనికి కూలినది. దానికి సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్న మారిషస్‌కు పందొమ్మిదవ శతాబ్దంలో చెరకుతోటల కూలికై వేలాది తెలుగువారు పోయినారు. కోరంగి రేవునుండి ఓడ ఎక్కినందున అక్కడ వారికి 'కోరంగివాళ్ళు' అని పేరు వచ్చినది. గోదావరి ముఖద్వారపు రేవు అది. ఎగువన, నది ఒడ్డున, కాటేరు రాయి. ఆ దీవిలో చెరకు నాటడానికి ముందు పొలంలోని నల్లరాళ్ళను ఏరివేయవలసి ఉండేది. కూలీలు ఏరి పేర్చిన ఆ రాళ్ళగుట్టలు చెరకుతోటల నడుమ నేటికీ నిలిచి ఉన్నవి.