తుపాకీ మీద ఉన్న పేరు, తుపాకీ చేసినోడి పేరు



సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806 నుంచి ఉంది. 1870ల తర్వాత ఇలాంటి కంటోన్మెంట్లలో తెల్ల సిపాయి భుజాన ఉన్నది మార్టినీ-హెన్రీ రైఫిల్. ఒకసారికి ఒకటే తూటా. పేల్చాక కింద ఉన్న లీవర్ లాగి మళ్లీ తూటా పెట్టాలి. అదే దండులోని దేశీ సిపాయికి మాత్రం దానికంటే పాతదైన స్నైడర్ ఇచ్చేవాళ్లు. 1857 తర్వాత పట్టుకున్న భయం అలాంటిది మరి.

ఇంతకీ ఆ రైఫిల్ ఎవరిది? పేరు చూస్తే ఇద్దరిది అనుకుంటాం. ఒకరు స్విట్జర్లాండ్‌లో పనిచేసిన మార్టినీ, ఇంకొకరు ఎడిన్‌బరో తుపాకుల పనివాడు అలెగ్జాండర్ హెన్రీ. కానీ వెనక కీలు మీద ఊగుతూ ముందు కొస కిందికి దిగే ఆ దిమ్మె అమెరికావాడు పీబాడీ ఆలోచన. 1862లోనే పేటెంట్ తీసుకున్నాడు. మార్టినీ దాన్ని మెరుగుపరిచాడు, గొట్టం లోపలి ఏడు గాడులు హెన్రీవి. బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరులో పీబాడీకి చోటే దక్కలేదు.

రాజులు, దొరలు ఆర్డరిచ్చి చేయించుకున్న వేట రైఫిళ్ల సంగతీ అంతే. గొట్టం పైన చెక్కిన పేరు చాలాసార్లు అమ్మిన షాపుది. అసలు పనివాణ్ణి పట్టుకోవాలంటే ముందు కర్ర ఊడదీయాలి. గొట్టం అడుగున ప్రూఫ్ ముద్రలు, సీరియల్ నంబర్, ఒక్కోసారి పనివాడి పొడి అక్షరాలు కనిపిస్తాయి. ఆ నంబర్‌తో కంపెనీ పాత లెడ్జర్ చూస్తే ఏ ఏడు చేశారో, ఎవరికి అమ్మారో దొరుకుతుంది. అంటే వాళ్ల పనివాణ్ణి వెతకడానికి ఒక దారి ఉంది.

మరి మన నాటు తుపాకికి? దానికి లెడ్జర్ లేదు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక బ్రిటిష్ ఏజెన్సీలో తుపాకీ చేయాలన్నా, దగ్గర పెట్టుకోవాలన్నా లైసెన్స్ కావాలి. అలాంటప్పుడు గొట్టం మీద పేరు చెక్కుకుంటే కొలిమివాడు తన మీద తానే సాక్ష్యం రాసుకున్నట్టే కదా! 1922 ఆగస్టులో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి పట్టుకెళ్లిన తుపాకులు 26 అని సర్కారు లెక్క రాసుకుంది. మన ఊళ్ల కొలిమివాళ్ల పేర్లు రాసుకున్నవాళ్లు ఎవరు?

ఇది తుపాకీతోనే మొదలైన అన్యాయం కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తీసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. 1820ల్లో వాయిసీ అనే దొర ఆ పని కళ్లారా చూసి రాశాడు. మన దక్కన్ ఉక్కుతో చేసిన కత్తులను లోకం ‘డమాస్కస్ కత్తులు’ అంది. కొలిమి మనది, పేరు బజారుది.

అందుకే మనం ఒక పని చేద్దాం. ఎస్టీ జాబితాలోనే కమ్మర తెగ ఉంది. మీ గూడెం పెద్దల్ని అడగండి: తాతల కాలంలో బాణం ములుకులు, గొడ్డళ్లు ఎవరి కొలిమిలో చేయించేవాళ్లు? తుపాకీ బాగుచేసింది ఎవరు? కర్ర ఏ చెట్టుది? చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ వేసి రాసి పెట్టండి. తుపాకీ ఫోటోలు వద్దు, కేసుల గొడవ మనకెందుకు? పేరు చాలు. ఆ పెద్దలు ఉన్నప్పుడే అడగాలి, మన లెడ్జర్ వాళ్లే.